మంచు పట్టీలకు పొడిపిండి

అమెరికాలోని రెడ్‌మండ్‌లో భానుమతి చేతి జంతికలు తినని తెలుగు ఇల్లు లేదు. ఆవిడ చేత మాట పడని తెలుగు ఇల్లాలు అంతకన్నా లేదు. ఎవరింటికి విందుకు వెళ్ళినా పులిహోర రెండు మెతుకులు నోట్లో వేసుకుని, "బావుందమ్మాయ్, చింతపండు పులుపు మరిచిపోయినవాళ్ళకి బ్రహ్మాండంగా ఉంటుంది" అనేది. అన్నాక మళ్ళీ అడిగి వడ్డించుకునేది.

చదివింది మూడో తరగతి. భర్త పోయాక బాపట్లలో పాతికేళ్ళు కాలేజీ కుర్రాళ్ళకు మెస్ నడిపి, ఆ పొయ్యి వేడిమీదే కూతురు ఉజ్వలను ఇంజనీరును చేసింది. మెస్సులో గిన్నె సొట్ట పడినా, పాలు విరిగినా ఆవిడ మొదట అడిగేది ఒకటే మాట: "ఎవరి పనిరా ఇది?" చేసినవాడు ఒప్పుకుంటే రెండు తిట్లతో పోయేది. దాచినవాడు మర్నాటి నుంచి పనిలో ఉండేవాడు కాదు. ఉజ్వల ఎనిమిదేళ్ళ పిల్లప్పుడు చక్కెర డబ్బా పగలగొట్టి నేరం పిల్లి మీదికి తోసింది. డబ్బాకు ఒక దెబ్బ, పిల్లికి మూడు దెబ్బలు పడ్డాయి, అన్నీ ఉజ్వల వీపు మీదే. అలాంటి భానుమతి. పదహారేళ్ళుగా కూతురింట్లో, కూతురి దేశంలో, ఎవరికీ తల వంచకుండా బతుకుతున్న మనిషి.

నలభై దాటాక ఆ ఉజ్వలకు కొండల పిచ్చి పట్టింది. ఊళ్ళో అందరూ యంత్రాల మీద ఊయల్లో కూర్చుని పైకిపోయి, కాళ్ళకు కట్టుకున్న పొడుగాటి స్కీ పలకల మీద మంచులో జారివస్తే, ఈవిడగారు తెల్లవారకుండానే బయల్దేరి, రోడ్డు ఆగిపోయిన చోట కారు వదిలి, అదే స్కీల మీద నడుచుకుంటూ కొండెక్కి, పైనుంచి జారుతుంది. అదీ ఎండాకాలం గుమ్మంలోకి వచ్చాక, ఏప్రిల్, మే నెలల్లో.

"టిక్కెట్టు కొనుక్కుని ఊయలెక్కకూడదుటే?" అంది భానుమతి మొదటిసారి.

"అక్కడ జనం ఎక్కువమ్మా. ఇక్కడైతే మనం, కొండ, అంతే."

"తిరపతి కొండకి కాళ్ళ నొప్పులని కారులో పోయినదానివి! ఇక్కడి కొండకి ఏం మొక్కుకున్నావు?"

ఉజ్వల నవ్వి, మంచు సంగతి చెప్పింది. వసంతంలో ఆ మంచు పొద్దున అద్దంలా ఉంటుంది. పదిగంటలకు పైపొర కరిగి పంచదారలా అవుతుంది. జారడానికి అదే అదను. మధ్యాహ్నం దాటితే జావ. జావ అయ్యాక కొండవాలు మొత్తం జారి మీద పడొచ్చు. అందుకని జావ కాకముందే కిందికి వచ్చెయ్యాలి. అంటే అంతా టైము లెక్క. ఆలస్యం అయిందా, ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కడానికి స్కీల అడుగున పొడుగాటి పట్టీలు అంటిస్తారు. ఒకవైపు నూగు, ఒకవైపు జిగురు. నూగు ముందుకు జారనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. జిగురు పట్టీని స్కీకి పట్టి ఉంచుతుంది. పైకి చేరాక వాటిని పీకి, మడిచి, సంచిలో పెట్టుకుని జారతారు. వాటిని అందరూ స్కిన్స్ అంటారు. ఆ పేరు విన్నరోజే భానుమతి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏ జంతువు తోలే?"

"తోలు కాదమ్మా, పేరే అంత. నైలాను."

"పేరు పెట్టినవాడికి లేని అనుమానం నాకెందుకులే గానీ, నా మడిబట్టల దగ్గర పెట్టకు."

ఉజ్వలతో పాటు కొండకు పోయేవాళ్ళు ఓ ఆరుగురు, సగం తెల్లవాళ్ళు. అందులో చిన్నది రేష్మ. వరంగల్ పిల్ల, ఉజ్వల ఆఫీసులోనే పని. ఇంకో అమ్మాయితో కలిసి ఒంటిగది అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది కనుక, ఆమె స్కీలూ పట్టీలూ ఉజ్వల ఇంట్లోనే ఉండేవి. రెండేళ్ళు ఉజ్వల వెనకే నడిచి నేర్చుకుంది. పట్టీలు రెండోచేతివే కొన్నా, పసిపిల్ల బట్టల్లా ఆరబెట్టి, దుమ్ము ఏరి, మడిచేది. వచ్చినప్పుడల్లా నేరుగా వంటింట్లోకి వచ్చి, "ఆంటీ, ఆకలైతున్నది" అనేది. "మీ వరంగల్‌లో బియ్యం దొరకవుటే?" అంటూనే భానుమతి నెయ్యి ఇంకో గరిటె పోసేది. జూన్‌లో పదిరోజుల పాటు కొండల మీదుగానే సాగే పెద్ద ప్రయాణం ఒకటి ఉంది. ఈ ఏడు రేష్మను కూడా తీసుకుపోతానని ఉజ్వల మాటిచ్చింది. ఆ పిల్ల ఆ మాట ఆంటీకి పదిసార్లు చెప్పుకుంది.

ఏప్రిల్ ఆఖరు బుధవారం. ఇంట్లో ఎవరూ లేరు. భానుమతి తన మంగళగిరి చీర ఉతుక్కుని బట్టల గదిలో కర్ర మీద ఆరేసింది. పక్క హ్యాంగరుకు రేష్మ పట్టీలు వేలాడుతున్నాయి. ఉజ్వలవి అప్పటికే సంచిలోకి పోయాయి. హీటరు గాలికి పమిట ఎగిరి ఆ జిగురుకు అతుక్కుంది. లాగితే జరీ పోగు ఒకటి లేచొచ్చింది. చీర కొని పాతికేళ్ళయింది. భానుమతికి ఒళ్ళు మండింది.

జిగురుకు మందు ఆవిడకు ఒకరు చెప్పాలా? తాండ్ర ముక్కలు అంటుకోకుండా ఏం చేస్తారు? పూరీ ముద్ద పీటకు పట్టకుండా ఏం చల్లుతారు? మెస్సులో పాతికేళ్ళు ఆవిడ చేత్తో జల్లిన పొడిపిండి బస్తాలకు బస్తాలు ఉంటుంది. వంటింట్లోంచి బియ్యప్పిండి డబ్బా తెచ్చింది. రెండు పట్టీలూ బల్ల మీద పరిచి, జిగురువైపు పలచగా చల్లి, అరచేత్తో ఈ చివరినుంచి ఆ చివరిదాకా అద్దింది. మిగిలిన పిండి దులిపింది. వేలుపెట్టి చూసుకుంది, అంటలేదు. ముచ్చటగా మడిచి రేష్మ సంచిలో పెట్టింది. కూతురు రాగానే చెప్పి, "ఇన్నేళ్ళ చదువులు చదివి ఈపాటి తెలియలేదుటే" అనాలనుకుంది. సాయంత్రం ఎవరో ఇరవైమందికి జంతికలు కావాలని ఫోన్ చేశారు. ఆ సందడిలో మరిచిపోయింది.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. తెలియక ఎవరైనా చేస్తారు. తప్పు శనివారం జరిగింది.

శనివారం చీకటితో వెళ్ళిన ఉజ్వలా రేష్మా, ఆ రోజు వాళ్ళిద్దరే, రెండింటికల్లా భోజనానికి రావాలి. ఆరయింది. అల్లుడు శశికాంత్ ఫోను పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. ఆరున్నరకు కారు వచ్చింది. రేష్మ కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా తెల్లటి కట్టులో ఉంది. చెంప గీసుకుపోయింది. ఉజ్వల ముఖంలో నెత్తురు లేదు. సోఫాలో కూర్చుని చెప్పింది.

"ఇంకో గంటలో పైకి చేరతాం. అడ్డంగా దాటే చోటు. మంచు ఇంకా గట్టిగానే ఉంది. వెనకనుంచి 'అక్కా' అని వినిపించింది. చూసేసరికి దాని పట్టీ ఊడి తోకలా వేలాడుతోంది. రెండోదీ ఊడింది. వెనక్కి జారిపోయింది, రెండు కొబ్బరిచెట్ల ఎత్తు. చెట్టుకి కొట్టుకుని ఆగింది."

"చెట్టు మంచిగ అడ్డమొచ్చింది" అంది రేష్మ, నవ్వబోయి.

"నవ్వకు. దింపడానికి నాలుగ్గంటలు పట్టిందమ్మా. ఎండెక్కింది. మంచు జావైపోయింది. పైనుంచి ఉండలు దొర్లడం మొదలైంది. ఈ పిల్లని ఒంటిచేత్తో కిందికి తెస్తూ, పైకి చూస్తూ... ఇద్దరం పోయేవాళ్ళం." ఉజ్వల భయం కోపమైంది. "పాత పట్టీలు కొనొద్దని చెప్పానా? జిగురు పోయిందో లేదో ముందురోజు చూసుకోమని ఎన్నిసార్లు చెప్పాను?"

"మొన్నటిదాక మంచిగనే ఉండె అక్కా. పొద్దుగాల చీకట్ల అంటించిన. తెల్లగ ఏదో పొడి లెక్క కనిపించింది, మంచు అనుకున్న."

"పొడి ఏంటి? జిగురు చచ్చిపోతే అలాగే ఎండి రాలుతుందేమో." ఉజ్వల ఆగింది. తల తిప్పింది. "అమ్మా, బట్టల గదిలో వీటిని నువ్వేమైనా ముట్టుకున్నావా?"

భానుమతి చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. పొడి అన్న మాట వినగానే ఆవిడకు సంగతంతా తెలిసిపోయింది. బల్ల మీద పరిచిన పట్టీలు, అద్దిన అరచెయ్యి, అన్నీ కళ్ళముందుకు వచ్చాయి. నోరు తెరిచి ఒక్కమాట అంటే అయిపోయేది. కానీ రేష్మ చేతి కట్టు చూసింది, ఉజ్వల ముఖం చూసింది, అల్లుడు తనవైపు చూడటం చూసింది.

"నేనెందుకు ముట్టుకుంటానే ఆ తోళ్ళని? నా చీర పక్కన పెట్టొద్దని మొత్తుకుంది నేనే కదా!"

మాట ఎంత చక్కగా, ఎంత కోపంగా వచ్చిందంటే, ఆవిడే ఒక్క క్షణం నమ్మింది. ఉజ్వల మారుమాట లేకుండా నమ్మింది. అమ్మ కొడుతుంది, తిడుతుంది, అబద్ధం మాత్రం ఆడదు. ఆ నమ్మకం కలిగించింది అట్లకాడ దెబ్బలతో ఈవిడే.

"ఆంటీని ఎందుకు అడుగుతవ్ అక్కా" అంది రేష్మ. "నేనే చూసుకోలే. తప్పు నాది."

భానుమతి గ్లాసు ఆ పిల్ల ఎడమచేతికి ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఇన్నాళ్ళూ సామెతలోనే విన్నది.

రెండురోజులకు ఉజ్వల భోజనాల దగ్గర, తమ గుంపుకు రాసిన మెసేజి మొగుడికి చదివి, తల్లి కోసం తెలుగులో చెప్పింది. రేష్మను జూన్ ప్రయాణానికి తీసుకెళ్ళడం లేదు, చెయ్యి బాగైనా సరే. సామాను చూసుకోవడంలో ఆమెను ఇంకా నమ్మలేం.

"కాస్త ఎక్కువైందేమో" అన్నాడు శశికాంత్.

"కొండ మీద ఎక్కువా తక్కువా ఉండవు. ఒకరు చూసుకోకపోతే ఇద్దరు పోతారు."

భానుమతి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఆ రోజే చెప్పాలనుకుంది. పెరుగు వేసుకున్నాక చెబుదామనుకుంది. చెయ్యి కడుక్కున్నాక చెబుదామనుకుంది. ఉజ్వల ఆఫీసు కాల్‌లోకి పోయింది. ఇలాంటి రోజులు పంతొమ్మిది గడిచాయి. పొరపాటు ఒప్పుకోవడానికి ఒక్క గుక్క ఊపిరి చాలు. ఆడిన అబద్ధం ఒప్పుకోవడానికి రోజురోజుకీ ఇంకాస్త ఊపిరి కావాలి.

ఏం చెయ్యాలో తోచక వండి పంపింది. కుడిచెయ్యి లేనిదానికి కలుపుకోవడం కష్టమని, పెరుగన్నం చిన్నచిన్న ముద్దలు చేసి, ఒక్కోదానికి ఒక్కో మాగాయ ముక్క గుచ్చి, డబ్బాలో పేర్చి ఉజ్వలతో పంపింది. రేష్మ ఫోన్ చేసింది.

"ఆంటీ, మా అమ్మ గూడ ఇట్ల ఆలోచించదు. ఎడమచేత్తోని టకటక తినేసిన."

"తిను, తిను" అని పెట్టేసింది భానుమతి. ఆ తర్వాత పొయ్యి దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

ఆ మధ్య ఒక శుక్రవారం, ఒకరింటి విందులో ఒకమ్మాయి కొట్లో కొన్న గులాబ్‌జాములు గిన్నెలో పోసి, తెల్లవారుజామున లేచి చేశానంది. అందరూ భానుమతి వైపు చూశారు, ఇవాళ ఆ అమ్మాయి పని అయిందని. భానుమతి నోరు తెరిచింది, మూసుకుంది. "బావున్నాయమ్మా" అంది. "భానుమతిగారికి ఒంట్లో బాలేనట్టుంది" అనుకున్నారు వాళ్ళు. ఇన్నాళ్ళూ ఎంతమందిని ఎన్నెన్ని మాటలన్నదో ఆ సోఫాలో కూర్చుని లెక్కపెట్టుకోబోయింది. కుదరలేదు.

మూడు వారాలు నిండిన ఆదివారం పొద్దున్నే ఉజ్వల, "అమ్మా, పెసరట్లకి నానబోశావుగా? రేష్మ వస్తోంది, ధృవ్ కూడా" అంది. ధృవ్ వాళ్ళ గుంపులో కుర్రవాడు, ఇక్కడే పుట్టిపెరిగాడు.

"దేనికి?"

"రేష్మ స్కీలు అమ్మేస్తోంది. ధృవ్ వాళ్ళ చెల్లికి కొంటున్నాడు. ఇక కొండలకి రాదట. తనకి చేతకాదట." ఉజ్వల కాఫీ కప్పు సింకులో పెట్టింది. "వద్దన్నాను. వినలేదు."

వాళ్ళు వచ్చారు. రేష్మ చేతికి కట్టు ఇంకా ఉంది. ఎప్పటిలా వంటింట్లోకి రాలేదు. గ్యారేజీలోకి పోయింది, వెనకే ఉజ్వల, ధృవ్. అక్కడినుంచి మాటలు వినిపిస్తున్నాయి. భానుమతి పెనం మీద అట్టు వేసింది. చెబుతాను, ఈ అట్టు తీసి చెబుతాను. తీసింది. ఇంకోటి వేసింది. అల్లం, పచ్చిమిర్చి చల్లింది. గ్యారేజీ తలుపు పైకి లేచిన చప్పుడు. ధృవ్ గొంతు: "ఇది రూఫ్ మీద పెట్టేస్తా. స్కిన్స్ వద్దు కదా, ట్రాష్?" రేష్మ గొంతు: "పారెయ్, అవి ఖరాబైనయి."

అట్టు మాడుతోంది. పొయ్యి ఆపి భానుమతి ఇంట్లో చెప్పులతోనే వాకిట్లోకి వచ్చింది. కారు మీద స్కీలు కట్టేశాడు. చెత్తడబ్బా మూత తెరిచి ఉంది.

"ఆపు! దింపు వాటిని!"

చెప్పలేక చెప్పలేక చెప్పేసరికి ఆవిడకు తెలిసిన గొంతు ఒక్కటే వచ్చింది, తిట్టే గొంతు. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"ఏంటమ్మా?"

"ఆ జిగురు చావలేదు. నేను చంపాను. పొడిపిండి అద్దాను దానికి."

"పొడి... వాట్ ఈజ్ దట్, ఆంటీ?" అన్నాడు ధృవ్.

"రైస్ ఫ్లౌర్" అంది ఉజ్వల తల్లి మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "ఎప్పుడమ్మా?"

"ఆ బుధవారం. నా పమిట అంటుకుని పోగు లేచింది. పూరీ పిండికి అద్దినట్టు అద్దాను. దానికి జిగురే ప్రాణమని నాకేం తెలుసు? నువ్వు శనివారం చెబితే తెలిసింది."

"శనివారం అడిగాను కదా."

"అడిగావు."

ఆ వాకిట్లో ఎండ కాస్తోంది. ఎదురింటి తెల్లాయన కుక్కను పట్టుకుని పోతూ చెయ్యి ఊపాడు. ఇటునుంచి ఎవరూ ఊపలేదు. రేష్మ చెత్తడబ్బా అంచు పట్టుకుని నిలబడింది.

"అయితే," అంది నెమ్మదిగా, "నేను మంచిగనే చూసుకున్ననా ఆంటీ?"

"బంగారంలా చూసుకున్నావే తల్లీ. నువ్వు ఆరేసింది ఆరేసినట్టే ఉంది. నేనే తీశాను."

"మూడు వారాలు ఇదే సోంచాయించిన. ఏం మర్చిపోయిన, ఎక్కడ మర్చిపోయిన అని. నా వల్ల అక్క పోతుండె అని." ఆ పిల్ల ఏడవలేదు. "ఆ దినం నా చెయ్యి చూసి గూడ ఎందుకు చెప్పలే ఆంటీ?"

మూడో తరగతి చదువుకు, పాతికేళ్ళ మెస్సుకు, ఇంత పేరున్న నోటికి దొరికింది ఒక్క మాటే.

"సిగ్గేసింది" అంది.

"నాకు గూడ సిగ్గయింది ఆంటీ. నాది కాని దానికి."

భానుమతి గోడ పట్టుకుంది. ఎవరూ వచ్చి పట్టుకోలేదు. పట్టుకోవాలని ఆవిడా అనుకోలేదు. రేష్మ ధృవ్ వైపు తిరిగి, "స్కీలు దింపు, సారీ, అమ్మను" అంది. అతను దింపి గ్యారేజీలో గోడకు ఆనించాడు. "అట్టు తిని వెళ్ళవే" అన్న మాట భానుమతి నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. రేష్మ కారెక్కింది. ధృవ్ ఒక్కడే, "బై ఆంటీ" అన్నాడు.

వంటింట్లో తల్లీ కూతుళ్ళు మిగిలారు. ఉజ్వల మాడిన అట్టు గీకి చెత్తలో వేసింది. తిడుతుందేమోనని భానుమతి ఎదురుచూసింది. తిట్టలేదు. అది ఇంకా బరువుగా ఉంది.

"నేను దాన్ని అందరి ముందూ నమ్మలేమన్నానమ్మా" అంది ఉజ్వల చివరికి. "తెల్లగా ఉందని అది చెబుతూనే ఉంది. ఒక్కసారి వాసన చూసినా తెలిసేది. చూడలేదు."

"ఆ గుంపు అందరికీ చెప్పు. రాయడం కాదు, నా గొంతుతో వినాలి."

"వాళ్ళలో సగం మందికి తెలుగు రాదు."

"నేను చెబుతాను. వెనకే నువ్వు ఇంగ్లీషులో చెప్పు."

ఉజ్వల ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగు నొక్కింది. భానుమతి దానిమీదికి వంగి, చెవిటివాళ్ళకు చెప్పినట్టు గట్టిగా చెప్పింది. చీర సంగతి, పిండి సంగతి, శనివారం కూతురు అడిగిన సంగతి, తను ముట్టుకోలేదన్న సంగతి, పంతొమ్మిది రోజులు ఆ పిల్లకు అన్నం ముద్దలు పంపి నిజం పంపని సంగతి. ఉజ్వల ఇంగ్లీషులో చెప్పింది. రెండు ముక్కల్లో అయిపోయింది.

"ఇంతేనా? నేనంత చెబితే?"

"అర్థమయ్యేలా చెప్పానమ్మా. మా అమ్మ తెలియక పిండి వేసింది, రేష్మ తప్పు ఏమీ లేదు అని."

"తెలియక వేసింది పిండి. అబద్ధం తెలిసే ఆడాను. అది చెప్పావా?"

"అది వాళ్ళకెందుకమ్మా? ఇంట్లో విషయం."

"నీకు సిగ్గా?"

ఉజ్వల తల వంచుకుంది.

"నాకూ అదే. అందుకేగా ఇంతదాకా వచ్చింది. చెరిపేసి మళ్ళీ చెప్పు."

ఉజ్వల చెరిపింది. మళ్ళీ మొదలుపెట్టింది. భానుమతి చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. తెలియని భాషలో తన సిగ్గు ఎలా ఉంటుందో వింది. మధ్యలో 'లై' అన్న ముక్క తెలిసింది, అబద్ధమని. కళ్ళు మూసుకుంది. అది అయ్యాక ఉజ్వల ఆగుతుందనుకుంది, ఆగలేదు. ఇంకా చెబుతూనే ఉంది. 'ఐ' అని, మళ్ళీ 'ఐ' అని. ఇప్పుడు చెబుతున్నది అమ్మ సంగతి కాదని, కూతురి సంగతేనని భానుమతికి భాష రాకపోయినా తెలిసింది.

పంపాక ఫోను బల్ల మీదే ఉండిపోయింది. జవాబులు ఒక్కొక్కటే టింగుమంటూ వచ్చాయి. నాలుగు వచ్చాయి. ఏం రాశారో చెప్పమని భానుమతి అడగలేదు, ఉజ్వల చదివి చెప్పలేదు. రేష్మ నుంచి ఏమీ రాలేదని మాత్రం ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు.